రికార్డులో లేని రెండు దెబ్బలు

జడ్జీల గదికి కిటికీ లేదు. బ్రష్ క్రీక్ హైస్కూల్లో బంతులూ వలలూ పడేసుకునే కొట్టు అది. ఏటా ఆగస్టులో ఫిడేలు పోటీల రోజున అందులో మూడు కుర్చీలు, ఒక మడత బల్ల వేసి, గోడకి ఒక స్పీకరు తగిలిస్తారు. వేదిక మీద వాయించేది ఎవరో లోపలున్న ముగ్గురికీ తెలియకూడదు. నంబరు మాత్రం చెబుతారు. ఆడో మగో, తెలుపో నలుపో, ఎవరి తాలూకో ఏమీ ఎరక్కుండా చెవులతో మాత్రమే మార్కులు వెయ్యాలి.

ఈ పద్ధతి పెట్టించింది డెల్సీ సైజ్‌మోరే. అందుకు ఆమె కమిటీతో తొమ్మిదేళ్ళు పోట్లాడింది. పద్నాలుగో ఏట ఇదే పోటీలో తను వాయించినప్పుడు జడ్జీలు ఎదురుగా కూర్చుని ఆమెను పైనుంచి కిందికి చూశారు. మొదటి బహుమతి బ్యాంకు మేనేజరు కొడుక్కి ఇచ్చారు. ఆమెకి చక్కటి గౌను వేసుకొచ్చినందుకని ఒక రిబ్బను ముక్క ఇచ్చారు. ఆ రిబ్బనుని ఆమె ఇంటికి వెళ్తూ వెళ్తూనే వాగులో పారేసింది.

ఇప్పుడామెకి యాభై నాలుగు. కెంటకీ తూర్పు కొండల్లో ఆమెని మించిన ఫిడేలు లేదని అందరూ ఒప్పుకున్నారు. స్కూలు హాలు గోడ మీద అందరికంటే పెద్ద ఫొటో ఆమెదే.

"ఇరవై మూడో నంబరు" అంది స్పీకరు.

కమాను నాలుగుసార్లు తీగల మీద ఆడిందో లేదో, డెల్సీ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ బాణీ ఆమెకి తెలుసు. ఆ కొండల్లో ఫిడేలు పట్టిన ప్రతివాడికీ తెలుసు. 'రేనీ గారి గుర్రం' అని దాని పేరు. పంతొమ్మిది వందల అరవై ఆరులో హోబర్ట్ రేనీ బృందం రికార్డు చేసింది. అందులో ఫిడేలు డెల్సీదే. పెళ్ళిళ్ళలో, రేడియోలో, ఆఖరికి ట్రాక్టర్ల ప్రకటనలో కూడా ఆ బాణీ మోగింది.

కానీ ఇప్పుడు వినిపిస్తున్నది రికార్డులోలా లేదు. రెండో భాగం ముగిసి మళ్ళీ మొదటికి దూకాల్సిన చోట ఈ ఫిడేలు దూకలేదు. అక్కడే నిలబడి అడుగు తీగ మీద రెండు దెబ్బలు వేసింది. ధన్, ధన్. ఆ తర్వాత నింపాదిగా మొదటికి వెళ్ళింది. తిరిగి ఆ చోటుకి వచ్చినప్పుడూ అంతే, ధన్, ధన్.

ఆ రెండు దెబ్బల సంగతి బతికున్నవాళ్ళలో తనకొక్కదానికే తెలుసని డెల్సీ నలభై రెండేళ్ళుగా అనుకుంటూ ఉంది.

* * *

అవి ఆమెకి నేర్పినవాడు ఈనక్ టాలివర్. మూడో నంబరు గనిలో బొగ్గు తవ్వేవాడు. కంపెనీ ఇళ్ళలో తెల్లవాళ్ళవి కింద వాగు పక్కన, నల్లవాళ్ళవి పైన బొగ్గు తుక్కు గుట్ట పక్కన ఉండేవి. టాలివర్ల ఇల్లు అన్నిటికంటే పైన. కింది ఇళ్ళవాళ్ళందరూ ఆయన్ని 'అంకుల్ ఈనక్' అనేవారు. చుట్టరికంతో కాదు. తలనెరిసిన నల్లవాణ్ణి ఎక్కడ 'మిస్టర్' అనాల్సి వస్తుందోనని కనిపెట్టుకున్న పిలుపది. ఒకసారి డెల్సీ కూడా అలాగే అంటే వాళ్ళమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది.

"టాలివర్ గారు అను. ఆయన మీ నాన్నకంటే పెద్దవాడు" అంది.

ఎనిమిదో ఏట నుంచి పన్నెండో ఏటి దాకా డెల్సీ ఆ ఇంటి మెట్ల మీదే పెరిగింది. ఆయన ఫిడేలు కడుపులో గిలకపాము తోక గిలక ఉండేది. తేమ పట్టకుండా అట. కమాను లాగినప్పుడల్లా లోపల సన్నగా గలగలమనేది. పెద్ద కూతురు ఒడెస్సా చిన్నప్పుడు గడప మీద కాళ్ళు టపటపలాడించేదని, ఆ అడుగుల మీద ఒక బాణీ కట్టాడు. దాని పేరు 'ఒడెస్సా అడుగులు'.

"ఇక్కడ రెండు దెబ్బలెందుకు ఎక్కువున్నాయి, టాలివర్ గారూ?" అని అడిగింది డెల్సీ ఒకరోజు.

"నీకు రెండు కాళ్ళెందుకున్నాయే పిల్లా? నిలబడ్డానికి. బాణీ కూడా కాసేపు నిలబడాలి. ఊరికే పరిగెడితే దొంగతనం చేసి పారిపోతోందనుకుంటారు" అన్నాడాయన.

బ్రష్ క్రీక్ పోటీల్లో ఆయన్ని వాయించనిచ్చేవారు కాదు. పోటీ అయ్యాక తెల్లవాళ్ళు మాంసం కాల్చుకుని తింటూ గంతులేసేటప్పుడు మాత్రం చెట్టు కింద స్టూలు వేసి వాయించమనేవారు. పోటీ కొండల సంప్రదాయాన్ని నిలబెట్టడానికట! ఈనక్ తాత పుట్టింది కూడా ఆ కొండల్లోనే.

యాభై ఏడులో గనిలోకి యంత్రాలు వచ్చాయి. ముందుగా నల్లవాళ్ళని తీసేశారు. టాలివర్లు సామాను కట్టుకుని ఒహాయోలోని డేటన్‌కి వెళ్ళిపోయారు. ఉత్తరం రాస్తానంది డెల్సీ. రాయలేదు.

ఇరవై ఒకటో ఏట హోబర్ట్ రేనీ బృందంతో స్టూడియోలో ఆ బాణీ ఎత్తుకున్నప్పుడు, మొదటిసారికే హోబర్ట్ చెయ్యి పైకెత్తి ఆపించాడు.

"ఆ రెండు దెబ్బలూ తీసెయ్, డెల్సీ. ఎక్కడో తప్పినట్టుంది."

"తప్పు కాదండీ. టాలివర్ గారు వాయించేదే అంత..."

"టాలివరెవడు? పాట వినేవాడికి టాలివరెవడో అక్కర్లేదు. తీసెయ్."

తీసేసింది. రికార్డు బయటికొచ్చాక చూస్తే పేరు మారిపోయింది. కింద 'కూర్పు: హోబర్ట్ రేనీ' అని ఉంది. వెళ్ళి అడిగింది. "ఆడపిల్లని నా పక్కన నిలబెట్టుకున్నాను. దానికి సంతోషించు" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. మూసుకుని పదకొండేళ్ళు అతని బస్సులో తిరిగింది. పత్రికలవాళ్ళు 'మగాడిలా వాయిస్తుంది' అని మెచ్చుకున్నారు. దానికీ నోరు మూసుకుంది. తర్వాత సొంత బృందం పెట్టింది, ఖండాలు దాటింది, బిరుదులొచ్చాయి. ప్రతి కచేరీలోనూ ఆఖర్న జనం గుర్రం గుర్రం అని అరిచేవారు. ప్రతిసారీ ఆమె ఆ కోత పడ్డ బాణీనే వాయించింది. హోబర్ట్ పోయాక కూడా అలాగే వాయించింది. అప్పుడు ఆపేవాడెవడూ లేడు. అయినా చేతికి అదే అలవాటైపోయింది.

* * *

ఇరవై మూడో నంబరు ముగించింది. బయట చప్పట్లు సన్నగా వినిపించాయి.

"పాపం, లయ నిలవలేదు" అన్నాడు పెల్హమ్. కాలేజీలో జానపద సంగీతం చెప్పే ప్రొఫెసరాయన. "ప్రతి చుట్టులోనూ రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి. అరవై ఒకటి వేస్తున్నాను."

"ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట, ఒకేలా పడేదాన్ని తప్పంటారా, ప్రొఫెసర్ గారూ?" అంది డెల్సీ.

"ఈ బాణీకి మీ రికార్డే కదండీ ప్రమాణం! దాని మీద నేనొక అధ్యాయమే రాశాను."

"అయితే ఆ అధ్యాయం తప్పు. రికార్డూ తప్పే."

మూడో జడ్జి బుచ్ కార్నెట్ నవ్వాడు. పోస్ట్‌మ్యాను. వరసగా మూడేళ్ళు గెలిచినవాడు. "ఏంటి డెల్సీ, ఎండ దెబ్బ తగిలిందా? దీనికి అడుగు వేస్తే కాళ్ళు మెలిపడి చస్తారు జనం. నేను యాభై ఎనిమిది."

డెల్సీ అంతా చెప్పింది. ఈనక్ గురించి, మెట్ల గురించి, స్టూడియో గురించి. పెల్హమ్ మర్యాదగా తలాడిస్తూ విన్నాడు.

"ఆసక్తిగా ఉంది. కానీ ఆధారం కావాలి కదా. పన్నెండేళ్ళ పిల్ల జ్ఞాపకం మీద..."

డెల్సీకి ఒళ్ళు మండిపోయింది. "మీ పుస్తకంలో పదహారు చోట్ల 'డెల్సీ సైజ్‌మోర్ గుర్తు చేసుకున్నట్టు' అని రాసుకున్నారు. అప్పుడు నా జ్ఞాపకం బానే పనిచేసిందా? మీకు పనికొచ్చినప్పుడు ఆధారం, పనికిరానప్పుడు ముసలిదాని చాదస్తమా?"

"నేనలా అనలేదు."

"అన్లేదు. అరవై ఒకటి వేశారు."

ఆమె తొంభై ఎనిమిది వేసింది. మిగిలిన నలుగురివీ విని, మార్కులు వేశాక, అన్నీ కలిపి చూస్తే ఇరవై మూడో నంబరుది పదకొండో స్థానం. డెల్సీ పెన్సిలు బల్ల మీదికి విసిరి లేచింది.

"ఫలితాలు చెప్పేదాకా బయటికి పోకూడదు. రూలు" అన్నాడు బుచ్.

"ఆ రూలు పెట్టింది నేనేరా" అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

* * *

కార్లు నిలిపే మైదానంలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. వేయించిన ఆపిల్ కజ్జికాయల వాసన, ట్రక్కుల నీడల్లో గుంపులు గుంపులుగా బాంజోలు, గిటార్లు. ఇరవై మూడెవరని డెల్సీ నలుగుర్ని అడిగింది. ఒకడు దూరంగా చెయ్యి చూపించాడు.

ఒహాయో నంబరు ప్లేటున్న వ్యాను. తెరిచిన వెనక తలుపు దగ్గర నలభై దాటిన ఒక నల్లావిడ ఫిడేలు మీద కమాను నుంచి రాలిన రాజనం పొడి తుడుస్తోంది. పక్కన మడత కుర్చీలో, పువ్వుల టోపీ పెట్టుకున్న ముసలావిడ చల్లటి టీ తాగుతోంది.

"ఇరవై మూడు మీరేనా?"

"నేనే. నా పేరు వర్నెల్. మీరెవరో నాకు తెలుసు, మిస్ సైజ్‌మోర్. లోపల గోడంతా మీరే కదా."

"ఆ బాణీ... మీకెవరు నేర్పారు?"

"మా తాతది మాకెవరు నేర్పుతారు? మా మామయ్య ల్యూథర్ నేర్పాడు. డేటన్‌లో. పగలు సిటీ బస్సు నడుపుతాను, సాయంత్రాలు ఇది."

డెల్సీ వ్యాను తలుపు పట్టుకుంది. "టాలివర్ గారి మనవరాలివా! నీకు మార్కులు తక్కువ పడ్డాయమ్మా, పదకొండో స్థానం. నేను పోట్లాడాను. చెప్పి చూశాను. వాళ్ళు..."

"ఎందుకు తక్కువేశారట?"

"ఆ రెండు దెబ్బలూ... రికార్డులో లేవని."

వర్నెల్ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "రికార్డెవరిది?"

డెల్సీ వ్యాను తలుపు వదిలేసింది.

"నాకప్పుడు పదకొండేళ్ళు" అంది వర్నెల్. ఆమె గొంతు పెంచలేదు. "అమ్మ వంటింట్లో మొక్కజొన్న రొట్టెకి పిండి కలుపుతోంది. రేడియోలో మీ ఫిడేలు వచ్చింది. 'నాన్న బాణీ! ఇది నాన్న బాణీ!' అని పిండి చేతుల్తోనే పరిగెత్తుకొచ్చింది. తర్వాత ఆ రేడియోవాడు పేరు చెప్పాడు. ఎవరిదో గుర్రం. అమ్మ వెళ్ళి రేడియో కట్టేసింది. మీకు ఉత్తరం రాసింది. రెండుసార్లు రాసింది."

"నాకు రాలేదు! నా మీద ఒట్టు, ఒక్కటీ రాలేదు!"

"బృందం ఆఫీసుకి రాసింది."

"అయితే హోబర్ట్ చింపేసి ఉంటాడు."

"చింపేసే ఉంటాడు. సరే, మీకు అందే ఉంటే ఏం చేసేవారు? జవాబు రాసేవారా?"

అబద్ధం చెప్పడానికి డెల్సీకి మనసొప్పలేదు. "తెలీదు" అంది.

"ముప్పై మూడేళ్ళు కళ్ళ ముందే ఉన్న తప్పుకి ఇవాళ పోట్లాడానని చెప్పడానికొచ్చారా? నాకు పదకొండో స్థానం మీ జడ్జీలు ఇవ్వలేదు, మిస్ సైజ్‌మోర్. మీరిచ్చారు. అరవై ఆరులోనే."

డెల్సీ కోపమంతా అప్పటిదాకా ఎవరెవరి మీదో ఉంది. ఇప్పుడది తిరిగొచ్చి ఆమె గుండెల మీదే కూర్చుంది.

"ఇలా రావే పిల్లా" అంది కుర్చీలోని ముసలావిడ, వర్నెల్ తల్లి. ఒడెస్సా. ఎనభై ఏళ్ళు. డెల్సీ దగ్గరికెళ్ళి వంగింది. ముసలావిడ టోపీ వెనక్కి నెట్టి పరీక్షగా చూసింది. "సైజ్‌మోర్ల చిన్నదానివే. మా మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటుండేదానివి. మా నాన్న అరవై ఒకటిలో పోయాడు. ఆ రికార్డు వినలేదు, అదృష్టం. 'కింది ఇళ్ళ పిల్ల ఒకత్తి ఉంది, అది వాయిస్తే నేను వాయించినట్టే' అని డేటన్‌లో కూడా చెప్పుకునేవాడు. అందుకే నాకింకా మంట."

* * *

అయిదింటికి ఫలితాలు చెప్పారు. కమిటీ అధ్యక్షుడు డ్వైట్ రేనీ, హోబర్ట్ కొడుకు, పేర్లు చదివాడు. మొదటి బహుమతి పందొమ్మిదో నంబరుది. కప్పు అందించడానికి ఎప్పటిలాగే డెల్సీని పిలిచారు. ఆమె వేదికెక్కి, కప్పు కుర్రాడి చేతికిచ్చి, భుజం తట్టి, మైకు దగ్గరికి నడిచింది.

"ఇరవై మూడో నంబరు వాయించిన బాణీకి తప్పని మార్కులు కోశారు. తప్పు అక్కడ లేదు. నా రికార్డులో ఉంది. ఆ బాణీ హోబర్ట్ రేనీది కాదు. మూడో నంబరు గనిలో బొగ్గు తవ్విన ఈనక్ టాలివర్ గారిది. దాని పేరు 'ఒడెస్సా అడుగులు'. ఆయన్ని ఈ వేదిక ఎక్కనివ్వలేదు మనం. ఆయన బాణీ తీసుకున్నాం, పేరు చెరిపేశాం. ఇవాళ ఆయన మనవరాలు దాన్ని సరిగ్గా వాయిస్తే..."

"డెల్సీ, ఇవాళ పండగ రోజు. రాజకీయాలొద్దు" అన్నాడు డ్వైట్ పళ్ళ మధ్య నుంచి.

"ఒక మనిషి పేరు చెబితే రాజకీయమా? మరి ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచింది ఏంటి, దైవప్రార్థనా?"

మైకు మూగపోయింది. ఎవరో వైరు లాగేశారు. డెల్సీ మైకు లేకుండానే అరిచింది. ముందు వరసలకి మాత్రమే వినిపించింది. ఒక మూల చప్పట్లు కొట్టారు. ఇంకో మూల నుంచి ఒకడు, "ఉపన్యాసాలెందుకమ్మా, గుర్రం వాయించు!" అని కేకేశాడు.

ఆమె వేదిక దిగి, పక్కన ఉంచిన తన ఫిడేలు పెట్టె పట్టుకుని, నడివీధిన పోతున్నట్టు జనం మధ్యలోంచి నడుచుకుంటూ వ్యాను దగ్గరికి వెళ్ళింది. వెనకాల ముప్పై నలభై మంది వచ్చారు. వాళ్ళలో బుచ్ కూడా ఉన్నాడు, ఆ దెబ్బలకి అడుగు వేస్తే కాళ్ళు మెలిపడతాయని అందరికీ వినపడేలా అంటూ.

"వాళ్ళ వేదిక నేనెక్కను" అంది వర్నెల్ ఆమెని చూడగానే.

"ఎక్కొద్దు. ఇక్కడే. నీతో కలిసి వాయించనిస్తావా?"

వర్నెల్ తన ఫిడేలు పక్కన పెట్టింది. "ముందు మీరొక్కరే వాయించండి. చూద్దాం."

డెల్సీ తీగలు సవరించుకుని మొదలుపెట్టింది. మొదటి భాగం నీళ్ళు పారినట్టు పోయింది. రెండో భాగం చివర ఆ చోటు రాగానే, చెయ్యి దానంతటదే దూకేసింది.

"ఆగండి" అంది వర్నెల్. "మళ్ళీ."

మళ్ళీ దూకింది. మూడోసారి ఒక దెబ్బ వేసి రెండోది మింగేసింది. చూసేవాళ్ళు ఇబ్బందిగా కదిలారు. అయిదు ఖండాల్లో వాయించిన మనిషి, ఎవరి చేతివేళ్ళని చూసి సగం జిల్లా ఫిడేలు నేర్చుకుందో ఆ మనిషి, పార్కింగు మైదానంలో చెమటలు కక్కుతూ ఒక్క చోట తడబడుతోంది. నాలుగోసారి కమాను తప్పి తీగ కీచుమంది. డెల్సీ కళ్ళు ఎర్రబడ్డాయి. అవతలివాళ్ళ వస్తువు పోగొట్టానని తెలుసు. అది తన చేతుల్లోంచి కూడా పోయిందని ఇప్పుడే తెలిసింది.

ఒడెస్సా కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "వర్నెల్, ఆ చెక్క తియ్యి."

వ్యానులోంచి ఒక చెక్క పలక తీసి నేల మీద పరిచారు. ముసలావిడ ఒక చేత్తో కూతురి భుజం పట్టుకుని పలక మీదికెక్కింది.

"చేతులకేసి చూడకు. నా కాళ్ళు చూడు. ఎత్తుకో."

డెల్సీ ఎత్తుకుంది. ఒడెస్సా అడుగులు పెద్దగా పైకి లేవలేదు. చెప్పుల మడమలు చెక్కని రాస్తూ, తడుతూ పోయాయి. ఆ చోటు వచ్చింది. ముసలావిడ కాళ్ళు నిలబడ్డాయి. ధన్, ధన్. డెల్సీ కమాను వాటితో పాటే పడింది. తిరిగి మొదటికి వెళ్ళింది. రెండోసారీ పడింది. మూడోసారికి వర్నెల్ తన ఫిడేలు అందుకుంది.

కాళ్ళు మెలిపడతాయన్న బుచ్ కార్నెట్, చేతులు జేబుల్లో పెట్టుకుని, తల వంచుకుని, ఆ రెండు దెబ్బలకీ బూటు మడమ వేస్తున్నాడు. వర్నెల్ అది చూసింది.

"ఏమండీ, మీ కాళ్ళు బానే ఉన్నాయా?" అంది వాయిస్తూనే. జనం ఘొల్లున నవ్వారు. బుచ్ నవ్వలేదు.

* * *

ఫలితం మారలేదు. పుస్తకంలో వర్నెల్‌ది పదకొండో స్థానమే. 'బుద్ధి తక్కువై యాభై ఎనిమిది వేశాను' అని బుచ్ కమిటీకి ఉత్తరం రాశాడు. రూళ్ళ ప్రకారం దాన్ని పట్టించుకోలేదు. డెల్సీకి ఇన్నాళ్ళ సేవలకి కృతజ్ఞతలంటూ కమిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. హాల్లో ఆమె ఫొటో తీసి మరుగుదొడ్ల దారిలో తగిలించారు. పెల్హమ్ పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు, 'ఈ బాణీకి సక్రమం కాని మరో రూపం ఉందని కొందరి వాదన' అని అడుగున చిన్నక్షరాల్లో చేర్చాడు. డెల్సీ 'వాదన' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఆ పేజీని ఆయనకే పంపింది.

మరుసటి ఏప్రిల్లో ఆమె డేటన్ వెళ్ళింది. వర్నెల్ వాళ్ళ చర్చి కింది గదిలో రెండు ఫిడేళ్ళతో, ఒడెస్సా అడుగుల చప్పుడుతో ఆ బాణీని కొత్తగా రికార్డు చేశారు. అట్ట మీద ఈనక్ టాలివర్ పేరే పెద్దగా వేశారు. డెల్సీ ఫొటో వెయ్యడానికి వర్నెల్ ఒప్పుకోలేదు. డెల్సీ అడగనూ లేదు. ఆ బాణీ తమ కుటుంబం సొత్తంటూ డ్వైట్ రేనీ లాయరు చేత నోటీసు పంపించాడు. 'కోర్టుకి రండి, ఫిడేలు తెచ్చుకుంటాను' అని డెల్సీ ఒక్క ముక్క జవాబు రాసింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

వర్నెల్ ఆమెని ఇప్పటికీ మిస్ సైజ్‌మోర్ అనే పిలుస్తుంది. పండక్కి కార్డు పంపదు. ఎప్పుడైనా తీగల గురించో కమాను గురించో ఫోను చేస్తుంది. విషయం అవగానే పెట్టేస్తుంది. డెల్సీ దానికి నొచ్చుకోదు. ఆ మాత్రం ఫోను కూడా తనకి రావలసింది కాదని ఆమె లెక్క.

కొండ రేడియోవాళ్ళు మాత్రం ఇంకా పాత రికార్డే వేస్తున్నారు. అది మొదలైతే చాలు, డెల్సీ చేతిలో పని పక్కన పడేసి ఫోనందుకుంటుంది.

"ఆ బాణీ ఎవరిదని చెప్పావు ఇప్పుడు?"

"మిస్ డెల్సీ, మీరేనా మళ్ళీ! అట్ట మీద ఏముంటే అదే చదువుతానమ్మా నేను."

"అట్ట మీద అబద్ధం ఉంది. కొత్తది నీకు మూడు కాపీలు పంపాను. ఏం చేశావు?"

"ఉందండీ, ఎక్కడో ఉంది. వెతుకుతాను."

"వెతుకు. ఫోను పెట్టను. నువ్వు దొరకబుచ్చుకుని, ఈనక్ టాలివర్ గారిదని పేరు చదివేదాకా ఇక్కడే కూర్చుంటాను."

అవతల డ్రాయర్లు లాగుతున్న చప్పుడు వినిపించింది. డెల్సీ కుర్చీ లాక్కుని కూర్చుంది.